ఇంటి దగ్గర ఉండి సీఏ ఇంటర్ లేదా సీఎంఏ ఇంటర్: క్లాసులు కొనాలా, సొంతంగా చదవాలా?

తణుకు_నుంచి

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

బీకాం 61 శాతంతో పాసయ్యాను. పెళ్లికి ముందు ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూశాను. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిచూడటం చేతికి అలవాటే. బాబు ఈ జూన్ నుంచి యూకేజీ. మా ఆయనది ఆక్వా ఫీడ్ కంపెనీలో సేల్స్, వారంలో సగం రోజులు భీమవరం, కైకలూరు వైపు క్యాంపులే. అత్తయ్యగారు ఇంట్లోనే ఉంటారు. "నువ్వు చదువుకో, వంట నేను చూసుకుంటా" అని ముందు ఆవిడే అన్నారు. అయినా విజయవాడలో హాస్టల్లో ఉండి కోచింగ్‌కి వెళ్లడం మాత్రం నాకు కుదరదు.

డిగ్రీలో 55 శాతం దాటిన కామర్స్ వాళ్లు ఫౌండేషన్ (మొదటి మెట్టు పరీక్ష) లేకుండా సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) ఇంటర్‌లో నేరుగా చేరొచ్చని తెలిసింది. సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) ఇంటర్‌కైతే డిగ్రీ పాసైతే చాలట. రెండింట్లో ఏది తీసుకోవాలో తేలడం లేదు. ఎలా చదవాలో అసలే తేలడం లేదు. ఆన్‌లైన్ లైవ్ బ్యాచ్ వాళ్లని అడిగితే రెండు గ్రూపులకీ (ఇంటర్ పేపర్లని రెండు గ్రూపులుగా పెడతారు) కలిపి అరవై వేల పైమాటే చెబుతున్నారు. పెన్‌డ్రైవ్ క్లాసులు అందులో సగానికి దొరుకుతున్నాయి, కానీ పేరున్న ఫ్యాకల్టీలో ఎక్కువమంది హిందీ కలిపి చెబుతారు. నాకు హిందీ అంతంతమాత్రమే. అసలు క్లాసులే వద్దు, మాడ్యూల్స్ (ఇన్‌స్టిట్యూట్ పుస్తకాలు) చదివితే చాలనే వాళ్లూ ఉన్నారు.

బాబు స్కూల్లో ఉన్నప్పుడు పొద్దున తొమ్మిదిన్నర నుంచి మూడింటి వరకు, మళ్లీ రాత్రి వాడు పడుకున్నాక కాసేపు నాకు దొరుకుతుంది. ఇలా ఇంటి దగ్గర చదివిన వాళ్లు ఎవరైనా దారి చెప్పండి.

కోదాడ_కామర్స్

అక్కా, డబ్బు కట్టే ముందు ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఉచిత క్లాసులు చూడండి. సీఏ పరీక్షలు పెట్టే ఐసీఏఐ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వాళ్లే లైవ్ క్లాసులు పెడతారు, రూపాయి అడగరు. మాడ్యూల్స్, ఆర్‌టీపీలు (రివిజన్ పేపర్లు), ఎంటీపీలు (మాక్ టెస్ట్ పేపర్లు), పాత పేపర్ల సజెస్టెడ్ ఆన్సర్లు (నమూనా జవాబులు) అన్నీ పోర్టల్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి. నేను అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ మొత్తం వాటితోనే నడిపిస్తున్నా. కొందరు సార్లు మధ్యలో హిందీలోకి వెళ్తారు. అప్పుడు మాడ్యూల్‌లో ఆ పేజీ తెరిచి పెట్టుకుంటే దారి తప్పం.

ఆర్టికల్_అమీర్‌పేట

క్లాసుల సంగతి తర్వాత, ముందు ఇంకొక విషయం తేల్చుకోండి అక్కా.

సీఏలో పరీక్షలు ఇంట్లో చదివి రాయొచ్చు. ఆర్టికల్‌షిప్ (సీఏ ఆఫీసులో చేయాల్సిన ట్రైనింగ్) మాత్రం ఇంట్లో కూర్చుని అయ్యేది కాదు. 2023 జూలైలో వచ్చిన కొత్త స్కీములో అది మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, ఐసీఐటీఎస్‌ఎస్ అనే కంప్యూటర్, ఓరియంటేషన్ ట్రైనింగులు పూర్తిచేశాకే మొదలవుతుంది. నేరుగా చేరిన వాళ్లకీ అదే పద్ధతి. ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర వారానికి 35 గంటల పని, ఏడాదికి 12 రోజుల సెలవు. నేను ఇప్పుడు అందులోనే ఉన్నాను. సెప్టెంబర్‌లో ట్యాక్స్ ఆడిట్ల సీజన్ వస్తే సాయంత్రం ఇల్లు చేరే టైమ్ మన చేతిలో ఉండదు. భయపెట్టడానికి కాదు చెప్పేది. పని నేర్చుకునేది అక్కడే, నాకు ఈ చదువులో ఎక్కువ నచ్చిన భాగం కూడా అదే. కానీ బాబు ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో ఉన్నప్పుడు ఆ రెండేళ్లు వస్తాయి. తణుకులో, చుట్టుపక్కల ఏ సీఏ ఆఫీసులో ఆర్టికల్స్‌ని తీసుకుంటారో ఇప్పుడే వాకబు చేయండి. మీ మిల్లు అకౌంట్లు ఆడిట్ చేసిన సార్ ఉంటారుగా, ఆయన్నే అడగండి.

ఆ దారి దొరికితే సీఏ. దొరక్కపోతే సీఎంఏ గురించి గట్టిగా ఆలోచించండి. అందులో ప్రాక్టికల్ ట్రైనింగ్ 15 నెలలు, కంపెనీల్లో కూడా చేయొచ్చు. ఫీడ్ ప్లాంట్లు, ష్రిమ్ప్ ప్రాసెసింగ్ ప్లాంట్లు, పేపర్ మిల్లులు అన్నీ మీ చుట్టూనే ఉన్నాయి.

తణుకు_నుంచి

థాంక్యూ తమ్ముడూ. ఈ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కోచింగ్ వాళ్లకి ఫోన్ చేస్తే బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో, డిస్కౌంట్ ఎప్పటి వరకు ఉంటుందో చెప్పారు తప్ప ఆర్టికల్‌షిప్ ఊసు ఎత్తలేదు. ఆడిటర్ గారిని రేపే కలుస్తాను.

పాత_ఐసీడబ్ల్యూఏ, విశాఖపట్నం

అమ్మా, నేను రిటైరైన కాస్ట్ అకౌంటెంట్‌ని. మా రోజుల్లో దీన్ని ఐసీడబ్ల్యూఏ అనేవాళ్లం. 2012లో ఇన్‌స్టిట్యూట్ పేరు మారాక సీఎంఏ అన్నది వాడుకలోకి వచ్చింది. హెడ్డాఫీసు అప్పుడూ ఇప్పుడూ కలకత్తానే.

నేను ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేస్తూ పోస్టల్ కోచింగ్‌లో చదివాను. ఆ పోస్టల్ కోచింగ్ అంటే ఏమిటో ఈ తరం పిల్లలకి చెప్పాలి. పుస్తకాలు వచ్చేవి, సరే. వాటితో పాటు టెస్ట్ పేపర్లు వచ్చేవి. మనం ఇంట్లో జవాబులు రాసి కవర్లో పెట్టి పంపితే, ఎవరో దిద్ది ఎర్ర సిరా గీతలతో వెనక్కి పంపేవారు. "వర్కింగ్ నోట్ ఎక్కడ?" "యూనిట్ రాయలేదు." "ఫార్మాట్ తప్పు." ముఖం తెలియని ఆ మనిషి రాసిన నాలుగు ముక్కలే నన్ను పాస్ చేయించాయి. పాఠం చెప్పేవాళ్లు మాకు ఎవరూ లేరు. దిద్దేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీకు పాఠాలు చెప్పేవాళ్లకి కొదవ లేదు. ఫోన్ తెరిస్తే వందమంది. మీరు రాసిన కాగితం చూసి తప్పు చెప్పేవాళ్లు ఎవరన్నది చూసుకుని దారి ఎంచుకోండి. నా మటుకు ఇంటి దగ్గర చదివే వాళ్లకి అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. సీఎంఏలో ఇప్పటికీ ఓరల్ (క్లాసుకి వెళ్లేది), పోస్టల్ అని రెండు రకాల కోచింగ్ ఉంది, ఏదో ఒకటి పూర్తిచేయాలి. చాలామంది దాన్ని తంతుగా పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకుంటారు. అది నాకు బాధగా ఉంటుంది.

నెల్లూరు_బీకాం

పెన్‌డ్రైవ్ కొనే వాళ్లకి కొన్ని జాగ్రత్తలు. ఇవి నా అనుభవం మీద చెబుతున్నాను, ఏ సంస్థ అన్నది చెప్పను.

"వ్యూస్" ఎన్ని ఇస్తున్నారో అడగండి. ఒకటిన్నర వ్యూ అంటే క్లాసు నిడివికి ఒకటిన్నర రెట్లు మాత్రమే ప్లే అవుతుంది. ఇంట్లో చదివే వాళ్లకి కాలింగ్ బెల్ మోగుతుంది, పిల్లలు లేస్తారు, వెనక్కి జరిపి మళ్లీ చూడాల్సి వస్తుంది. నాకు కాస్టింగ్‌లో చివరి చాప్టర్లు ఉండగానే వ్యూస్ అయిపోయాయి. ఫోన్ చేస్తే అదనంగా డబ్బు కట్టమన్నారు. వ్యాలిడిటీ కూడా చూసుకోండి, అటెంప్ట్ వాయిదా వేసుకుంటే పొడిగిస్తారా లేదా అని. చాలావాటికి విండోస్ ల్యాప్‌టాపే కావాలి, లేదంటే ఒకే ఒక్క ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తాయి. ల్యాప్‌టాప్ పాడైతే ఇంకో దానికి మార్చుకోవడం పెద్ద తతంగం.

డెమో లెక్చర్ ఎప్పుడూ మొదటి చాప్టర్దే పెడతారు. అది అందరూ బాగానే చెబుతారు. మధ్యలో ఉండే కష్టమైన చాప్టర్ ఒక గంట చూపించమని అడగండి. చూపించని వాళ్ల దగ్గర నేనైతే కొనను.

కడప_సొంతచదువు

నాది వేరే అభిప్రాయం. క్లాసులు అస్సలు అక్కర్లేదు. ఇంటర్‌లో లా, ఆడిటింగ్, స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్‌లో పరీక్ష పేపర్ ఇన్‌స్టిట్యూట్ మాడ్యూల్ భాషలోనే ఉంటుంది. ఆ భాష కళ్లకీ చేతికీ అలవాటు కావాలంటే ఆ పుస్తకమే చదవాలి. క్లాసుకి 150 గంటలు, ఆ నోట్స్ చదవడానికి ఇంకో 100 గంటలు, ఆఖరికి మాడ్యూల్ తెరిచే టైమే ఉండదు. నేను రెండు గ్రూపులూ మాడ్యూల్స్ మీదే పాసయ్యాను. మీకు రోజుకి ఐదారు గంటలే ఉన్నాయి. అవి వీడియోలకి పోయకండి.

ఆర్టికల్_అమీర్‌పేట

@కడప_సొంతచదువు లా, ఆడిట్ వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ అందరికీ అన్ని సబ్జెక్టులూ పుస్తకంతో ఎక్కవు అన్నా. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో అమాల్గమేషన్ (కంపెనీల విలీనం), కన్సాలిడేషన్ (గ్రూపు కంపెనీల లెక్కలు కలపడం) చాప్టర్లు ఎవరో ఒకరు మొదటిసారి చేసి చూపిస్తే వారం పని రెండు రోజుల్లో అవుతుంది. ఈవిడ చదువు మానేసి కొన్నేళ్లయింది కూడా. సబ్జెక్టుని బట్టి దారి మారాలి.

కడప_సొంతచదువు

సరే, ఆ రెండు చాప్టర్లకి క్లాసు చూడమనే చెబుతాను. కానీ వాటి కోసం అరవై వేల ప్యాకేజీ ఎందుకు? ఉచిత క్లాసుల్లో ఆ చాప్టర్లు ఉన్నాయిగా. ప్యాకేజీ కొన్నాక "డబ్బు పెట్టాం కదా" అని తెలిసిన చాప్టర్ల వీడియోలు కూడా చూస్తూ కూర్చునే వాళ్లని చాలామందిని చూశాను.

ఖమ్మం_కాస్టింగ్

లెక్కల పేపర్ల గురించి ఒక మాట. వీడియో చూస్తున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. కాగితం మీద పెడితే తేలుతుంది. ఉదాహరణకి ప్రాసెస్ కాస్టింగ్‌లో ఈ చిన్న లెక్క చూడండి.

1,000 యూనిట్లు ప్రాసెస్‌లో వేశాం. మొత్తం ఖర్చు 45,500 రూపాయలు. నార్మల్ లాస్ 10 శాతం, ఆ స్క్రాప్ యూనిట్‌కి 5 రూపాయలకి అమ్ముడవుతుంది. చివరికి బయటికొచ్చినవి 860 యూనిట్లు.

ఖర్చుని 1,000తో భాగించాలా, 900తోనా, 860తోనా? వీడియోలో సార్ 900 అని రాసేస్తారు, మనం తల ఊపేస్తాం. నార్మల్ లాస్ 100 యూనిట్లు ముందే తెలిసిన నష్టం, దాని భారం మంచి యూనిట్ల మీదే పడాలి. అందుకని స్క్రాప్ విలువ 500 తీసేసి, మిగిలిన 45,000ని రావాల్సిన 900 యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కి 50. వచ్చినవి 860, అంటే 40 యూనిట్లు అబ్‌నార్మల్ లాస్, విలువ 2,000. అవుట్‌పుట్ 43,000. స్క్రాప్ 500తో మూడూ కలిపితే మళ్లీ 45,500 రావాలి. వస్తేనే అకౌంట్ మూసినట్టు.

ఈ "ఎందుకు 900" అన్నది వీడియో ఆపేసి, ఖాళీ కాగితం మీద సొంతంగా రాసినప్పుడే బుర్రకెక్కుతుంది. నా పద్ధతి ఏమిటంటే క్లాసు ఒక గంట చూస్తే రెండు గంటలు లెక్కలు చేయాలి. రెండు గంటలు లేని రోజు క్లాసు కూడా చూడను.

దోహా_లెక్కలు

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. సీఎంఏ అని వెతికితే అమెరికా సీఎంఏ ప్రకటనలు కూడా వస్తాయి. అది అమెరికాలోని ఐఎంఏ అనే సంస్థది, మన సీఎంఏ నడిపే ఐసీఎంఏఐది కాదు. రెండు పార్టులే, పాస్ మార్కు 500కి 360. పూర్తిగా ఇంటి దగ్గర చదివి రాయొచ్చు, తర్వాత రెండేళ్ల అనుభవం చూపించాలి. గల్ఫ్‌లో, హైదరాబాద్‌లోని అమెరికన్ కంపెనీల ఆఫీసుల్లో దానికి విలువ ఉంది. కానీ తణుకులో ఉండి ఇక్కడే పని చేసుకోవాలనుకునే వాళ్లకి, ఎప్పటికైనా ఆడిట్ మీద సంతకం పెట్టాలనుకునే వాళ్లకి అది దారి కాదు. ఫీజులు డాలర్లలో ఉంటాయి. బ్రిటన్ అకౌంటింగ్ కోర్సు ఏసీసీఏకీ అంతే, 13 పేపర్లు, పౌండ్లలో ఫీజులు. ఎవరైనా ఫోన్‌లో "సీఎంఏ" అంటే ఏ సీఎంఏ అని ముందు అడగండి.

తణుకు_నుంచి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఖమ్మం_కాస్టింగ్ గారూ, మీ లెక్క అంకెలు మార్చి మళ్లీ చేసుకుని చూశాను, సరిపోయింది. లెక్కలతో నాకు పెద్ద భయం లేదు. భయమంతా లా పేపర్‌తోనే. బీకాంలో తెలుగు మీడియం, ఇంగ్లీష్‌లో పేజీలకి పేజీలు రాయడం అలవాటు తప్పింది. సీఏ పరీక్ష ఇంగ్లీష్‌లోనో హిందీలోనో తప్ప తెలుగులో రాయడానికి లేదు కదా.

పెద్దాయన చెప్పిన మాట పట్టుకుని ఒక ప్రయత్నం చేశాను. మాడ్యూల్‌లో ఏజీఎం (కంపెనీ వాటాదారుల వార్షిక సమావేశం) గురించి చదివి, దాని మీద వచ్చే ఒక రకం ప్రశ్నకి జవాబు రాశాను. ఎవరైనా దిద్దుతారా? అర్థం తెలుగులో ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక పబ్లిక్ కంపెనీ 2024 జూన్ 10న ఏజీఎం జరిపింది. దాని ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. తర్వాతి ఏజీఎం 2025 సెప్టెంబర్ 25న పెట్టింది. చట్ట ప్రకారం సరైనదేనా?

నా జవాబు: ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు ఏజీఎం జరపాలి. మార్చి 31 నుంచి ఆరు నెలలంటే సెప్టెంబర్ 30. సెప్టెంబర్ 25 ఆ లోపే ఉంది కాబట్టి సరైనదే.

గుంటూరు_లా

అక్కా, ముందుగా ఒక మంచి మాట. తేదీలు పట్టుకుని లెక్కవేశారు, చాలామంది అది కూడా చేయరు. కానీ మార్కులు రావు. ఎందుకో చూడండి.

కంపెనీల చట్టం 2013 సెక్షన్ 96లో రెండు గడువులు ఉన్నాయి. ఒకటి మీరు చెప్పిన ఆరు నెలలు. రెండోది, ఒక ఏజీఎంకీ తర్వాతి ఏజీఎంకీ మధ్య 15 నెలలకి మించి ఎడం ఉండకూడదు. రెండూ పాటించాలి, అంటే ఏది ముందు వస్తే అదే గడువు. 2024 జూన్ 10 నుంచి 15 నెలలంటే 2025 సెప్టెంబర్ 10. కాబట్టి సెప్టెంబర్ 25 నాటి మీటింగ్ గడువు దాటినట్టే. ప్రత్యేక కారణాలు చూపిస్తే రిజిస్ట్రార్ మూడు నెలల వరకు పొడిగించొచ్చు, మొదటి ఏజీఎంకి తప్ప. ప్రశ్నలో పొడిగింపు మాట లేదు కాబట్టి ఉల్లంఘనే. సెక్షన్ 99 కింద జరిమానా వర్తిస్తుంది.

రాసే పద్ధతి ఇది. మొదటి పేరాలో చట్టం ఏం చెబుతోంది. సెక్షన్ నంబర్ కచ్చితంగా గుర్తుంటేనే వేయండి, లేకపోతే "కంపెనీల చట్టం 2013 నిబంధనల ప్రకారం" అంటే చాలు. రెండో పేరాలో ప్రశ్నలోని తేదీలు, వాటి మీద లెక్క. మూడోది ఒకే వాక్యం, తీర్పు. ఇంగ్లీష్ గొప్పగా ఉండక్కర్లేదు. చిన్న వాక్యాలు, మాడ్యూల్‌లోని పదాలు చాలు. నేనూ తెలుగు మీడియమే. రోజుకి ఒక ప్రశ్న ఇలా మూడు పేరాల్లో రాస్తే కొన్నాళ్లకి చేతికి అదే వచ్చేస్తుంది.

పాత_ఐసీడబ్ల్యూఏ, విశాఖపట్నం

చూశావా అమ్మా. సెక్షన్ 96 ఇక నువ్వు మర్చిపోవు. నేను చెప్పింది ఇదే.

తణుకు_నుంచి

నిజమే బాబాయ్ గారూ. ఆ పేరా రెండుసార్లు చదివాను, 15 నెలల సంగతి కనిపిస్తూనే ఉంది, కానీ రాసేటప్పుడు పట్టుకోలేదు. ఇలా దిద్దించుకోవడానికి ఎక్కడికి వెళ్లాలి మరి?

గుంటూరు_లా

మూడు దారులు ఉన్నాయి. ఐసీఏఐ ప్రతి పరీక్షకి ముందు రెండు సిరీస్‌లుగా మాక్ టెస్టులు పెడుతుంది, బ్రాంచిలకి వెళ్లి రాయొచ్చు. మీకు దగ్గరది రాజమండ్రి బ్రాంచి. రెండోది ప్రైవేట్ టెస్ట్ సిరీస్. ఇంట్లో రాసి, ఫోన్‌లో స్కాన్ చేసి పంపితే దిద్ది పంపుతారు. క్లాసుల ప్యాకేజీతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. చేరే ముందు వాళ్లు దిద్దిన పేపర్ ఒకటి నమూనాగా అడగండి. టిక్కులు పెట్టి చివర్లో మార్కులు వేసి "గుడ్, కీప్ ఇట్ అప్" అని రాసే వాళ్లు వద్దు. ఏ స్టెప్పులో ఎందుకు మార్కు తగ్గించారో పక్కన రాసేవాళ్లు కావాలి.

మూడోది, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి పేపర్ ఒకరు సజెస్టెడ్ ఆన్సర్ పక్కన పెట్టుకుని దిద్దుకోవడం. ఖర్చు లేదు. పైగా దిద్దినప్పుడు కూడా నేర్చుకుంటాం.

మార్కుల సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంటర్‌లో ప్రతి పేపర్‌లో 30 మార్కులు ఎంసీక్యూలు, 70 మార్కులు రాసేవి. పాసవ్వాలంటే ప్రతి పేపర్‌లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. మూడు పేపర్లలో 41, 48, 60 వచ్చాయనుకోండి, మొత్తం 149. ఒక్క మార్కుతో గ్రూపు పోతుంది. అయితే 60 వచ్చిన పేపర్‌కి తర్వాతి మూడు అటెంప్ట్‌లకి ఎగ్జెంప్షన్ (మళ్లీ రాయక్కర్లేదు) ఉంటుంది, గ్రూపులో అన్ని పేపర్లూ రాసి ఉంటే. కాబట్టి చివరి పేపర్ బాగా రాకపోయినా హాలుకి వెళ్లి రాయాలి. ఆ ఒక్క మార్కు వర్కింగ్ నోట్‌లోనో మూడో పేరాలోనో దొరుకుతుంది.

నెల్లూరు_బీకాం

ట్యాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క సబ్జెక్టుకి పాత క్లాసులు, పాత పుస్తకాలు తక్కువకి వస్తున్నాయని కొనకండి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ అని ఒక్కటే వచ్చింది. జీఎస్టీలో కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు చాలావరకు తీసేశారు. మీరు రాసే అటెంప్ట్‌కి ఏది వర్తిస్తుందో ఐసీఏఐ ప్రకటిస్తుంది. అది చూశాకే ట్యాక్స్ మెటీరియల్ తీసుకోండి, అంతవరకు మిగతా సబ్జెక్టులు నడిపించండి.

భీమవరం_అటెంప్ట్

అటెంప్ట్ ఏది అన్నది కూడా ఇంటి దగ్గర చదివే వాళ్లకి పెద్ద విషయం అండీ. ఇంటర్ ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబర్. రిజిస్ట్రేషన్ ఎనిమిది నెలల ముందు అయిపోవాలి. మే 1 లోపు చేరితే జనవరి, సెప్టెంబర్ 1 లోపు అయితే మే, జనవరి 1 లోపు అయితే సెప్టెంబర్.

మన గోదావరి జిల్లాల్లో జనవరి అటెంప్ట్ అంటే సంక్రాంతి. అల్లుళ్లు, ఆడపడుచులు, పిండివంటలు, ఇంటి నిండా జనం. ఇంటి కోడలు గదిలో తలుపేసుకుని ఆడిటింగ్ చదువుతానంటే ఎంత మంచి అత్తగారైనా ఇబ్బంది పడతారు. 2025లో ఫౌండేషన్ పేపర్ ఒకటి జనవరి 14న పడితే పండగ వల్ల 16కి మార్చారు. అంత దగ్గరగా వస్తుంది. మే అటెంప్ట్‌కి పిల్లల ఎండాకాలం సెలవులు అడ్డొస్తాయి, కానీ బాబుని అమ్మమ్మగారింటికి పంపే వీలుంటే అదే నయం. సీఎంఏ అయితే జూన్, డిసెంబర్. జూన్‌కి జనవరి 31, డిసెంబర్‌కి జూలై 31 లోపు చేరాలి.

తణుకు_నుంచి

ఈ వారంలో తేల్చుకున్నవి రాస్తున్నాను. ఇలాంటి ఇబ్బందే ఉన్నవాళ్లకి పనికొస్తుందేమో.

మిల్లు ఆడిటర్ గారిని కలిశాను. ఇంటర్ రెండు గ్రూపులూ పాసై రమ్మన్నారు, ఆర్టికల్‌గా తీసుకుంటానన్నారు. ఆయన ఆఫీసు మా ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలు. ఆర్టికల్‌షిప్‌లో ఉన్న ఒక అమ్మాయి చేత వర్కింగ్ పేపర్ల ఫైలు తెప్పించి చూపించారు. నేను మిల్లులో చేసిన బ్యాంకు రీకన్సిలియేషన్ లాంటిదే అందులో ఉంది. అది చూశాక సీఏ మీదే మనసు నిలిచింది. ఇంట్లో మా ఆయనతో, అత్తయ్యగారితో ఆ రెండేళ్ల గురించి ముందే మాట్లాడాను. ఒప్పుకున్నారు.

ఆగస్టులో రిజిస్టర్ అవుతాను, మే అటెంప్ట్‌కి. రెండు గ్రూపులకీ కలిపి ఇన్‌స్టిట్యూట్ ఫీజు 18,000. ముందు గ్రూప్ 1 మీదే కూర్చుంటాను, ఫిబ్రవరి నాటికి పరిస్థితి చూసి రెండోది కలిపి రాయాలా వద్దా అనుకుంటాను. బాబు మేలో పాలకొల్లు, మా అమ్మ దగ్గరికి.

క్లాసుల ప్యాకేజీ కొనడం లేదు. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌కి ఉచిత క్లాసులు, లెక్కలు మాడ్యూల్‌లోవి. లా పూర్తిగా మాడ్యూల్, రోజుకో ప్రశ్న మూడు పేరాల్లో. ట్యాక్స్‌కి మాత్రం వర్తించే చట్టం తేలాక ఇంగ్లీష్‌లో చెప్పే క్లాసు ఒక్కటి కొంటాను. మిగిలిన డబ్బులో కొంత దిద్దే టెస్ట్ సిరీస్‌కి. మొదటి నెల గుంటూరు_లా గారు చెప్పినట్టు కలిసి దిద్దుకునే వాళ్లుంటే ఇంకా సంతోషం. ఎవరైనా వస్తారా?

కోదాడ_కామర్స్

నేను వస్తాను అక్కా. నాకూ లాలోనే రాయడం రావట్లేదు.

కడప_సొంతచదువు

ట్యాక్స్ క్లాసు కూడా అక్కర్లేదని నా అభిప్రాయం, కానీ మీ ప్లాన్ బాగుంది. కంపెనీ లా వరకు నేను దిద్దుతాను. నా దగ్గర పాత సజెస్టెడ్ ఆన్సర్లు చాప్టర్ల వారీగా విడదీసినవి ఉన్నాయి, పంపిస్తాను.

గుంటూరు_లా

అయితే ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుందాం. అసలు పరీక్ష కూడా రెండు నుంచి ఐదు దాకానే కాబట్టి అదే టైమ్‌కి అలవాటు పడదాం. మొదట్లో గంటన్నర పేపర్ చాలు. ఒకటీ నలభై ఐదుకి ప్రశ్నలు పెడతాను, 15 నిమిషాలు చదువుకోవడానికి. ఫోన్లు పక్కన పెట్టి, మార్జిన్ గీసిన తెల్ల కాగితాల మీద రాయాలి. అయిపోయిన వెంటనే ఫొటోలు తీసి పెట్టండి, మళ్లీ చూసి సరిదిద్దొద్దు. ఈ వారం కంపెనీ మీటింగ్స్ చాప్టర్, సెక్షన్ 96 నుంచి 122 వరకు.

పాత_ఐసీడబ్ల్యూఏ, విశాఖపట్నం

కాస్టింగ్ పేపర్ మొదలుపెట్టినప్పుడు నాకు పంపండి. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.